బయటికి వెళ్ళొచ్చా

నిన్నటి కస్టర్డ్ బల్ల మీద ఎండి అట్టకట్టుకుపోయింది. బ్రీష కార్కిల్ దాన్ని తడిగుడ్డతో ఎంత రుద్దినా ఊడిరాలేదు. పచ్చటి జిగురై గుడ్డకే అంటుకుంది. చివరికి గోటితో గీకింది. గోటి సందులో ఇరుక్కున్నదాన్ని చూసుకుని మొహం పక్కకి తిప్పుకుంది.

మంగళవారం ఉదయం ఈ బడిలో ఆమె పాఠం భోజనాల గదిలోనే. తరగతి గదులు లెక్కలకి, ఇంగ్లీషుకి కావాలి. ఈ ద్వీపపు పాత భాష మాంక్స్‌కి మిగిలేది ఉడికిన క్యాబేజీ వాసన, గోడకి ఆనించిన రబ్బరు చాపల వాసన, పక్కనే వంటింట్లోంచి వచ్చే పాత నూనె వాసన. వాన పడిన రోజుల్లో వీటికి తోడు పిల్లల తడి కోట్ల వాసన. నవంబరు నెలలో ఈ ద్వీపం మీద వాన పడని రోజు ఎక్కడిది?

ఆమెకి అరవై దగ్గర పడుతున్నాయి. పొడుగ్గా, ఎముకలు పెద్దవై, భుజాలు ముందుకు వంగి ఉంటుంది. సముద్రపు గాలికి బుగ్గలు ఎర్రగా గరుకెక్కాయి. చేతులు మగవాళ్ళ చేతుల్లా వెడల్పు. కానీ ఆమెని చూసినవాళ్ళకి ముందు గుర్తుండేది ముక్కు. ఎవరో కుళ్ళిన చేపని ఎదురుగా పెట్టినట్టు ఆ ముక్కు ఎప్పుడూ కొద్దిగా పైకి ముడుచుకుని ఉంటుంది. పిల్లలు ఆమె వెనకాల దాన్ని అనుకరిస్తారు. ఆమెకి తెలుసు. అది తల్లి నుంచి వచ్చిన ముక్కు. ముడుచుకోవడం కూడా తల్లి నుంచే వచ్చింది.

పిల్లలు వరసగా వచ్చి బల్లల చుట్టూ కూర్చున్నారు. "మోరా మై," అంది బ్రీష. "మోరా మై, మిస్," అని రాగం తీశారు. శుభోదయం చెప్పుకోవడం అయింది. తరవాత రంగులు, ఆ తరవాత వాన, గాలి, ఎండ. పోయినేడూ ఇవే. వచ్చే ఏడూ ఇవే. వారానికి అరగంట పాఠంలో ఇంతకంటే ముందుకు పోవడానికి దారి లేదు. ఆమె మొదటేడు చదువు చెప్పిన కుర్రాడొకడు ఇప్పుడు పెట్రోలు బంకులో పనిచేస్తున్నాడు. సాయంత్రం చీకటి పడ్డాక వెళ్ళినా సరే, ఆమెని చూడగానే "మోరా మై" అంటాడు. వాడికి మిగిలింది అంతే. వాడి పళ్ళికిలింపు చూడకుండా ఆమె డబ్బులిచ్చి వచ్చేస్తుంది.

పీల్ ఊళ్ళో తపాలా కార్యాలయం కిటికీ వెనక ఇరవై ఏళ్ళకి పైగా కూర్చుంది బ్రీష. గురువారం సాయంత్రాలు ఓ సారా దుకాణం వెనక గదిలో ముసలివాళ్ళ దగ్గర భాష నేర్చుకుంది. వాళ్ళు వాళ్ళకంటే ముసలివాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు. బీరు మరకల బల్ల మీద మోచేతులు ఆనించి, ఒకరి ఉచ్చారణని ఒకరు వెక్కిరించుకుంటూ నేర్పారు. బడుల్లో మాంక్స్ చెప్పిస్తామని ప్రభుత్వం అనగానే మనుషులు కావలసివచ్చారు. ఆమె స్టాంపులు వదిలేసి పాత కారొకటి కొనుక్కుని, బడి నుంచి బడికి తిరగడం మొదలుపెట్టింది. భాష బతుకుతుందనుకుంది. ఇప్పుడది బస్సుల మీద ఉంది, కాళ్ళు తుడుచుకునే పట్టాల మీద ఉంది, చెత్తబండి మీద కూడా ఉంది. నోళ్ళలో మాత్రం లేదు.

ఒక్క కిర్రీ టేర్ నోట్లో ఉంది. ఏడేళ్ళ పిల్ల. తండ్రి పీతలు పట్టే పడవ మీద పనిచేస్తాడు. ముందు పళ్ళు రెండు ఊడాయి, జడ ఎప్పుడూ సగం విప్పుకునే ఉంటుంది. పాఠం అయిపోయాక కూడా ఆ పిల్ల ఆటస్థలంలో సముద్రపు కాకులకి మాంక్స్‌లో చెప్తూ కనిపిస్తుంది, ఇక్కడికి రావద్దు పొమ్మని.

ఈ గదిలో బ్రీష ఒక నియమం పెట్టింది. ఏం కావాలన్నా ఇంగ్లీషులో అడగకూడదు. అడిగితే మిస్‌కి చెవులు వినపడవు. చెవి వెనక చెయ్యి పెట్టి, "ఏమో, గాలి హోరులా ఉంది" అంటుంది. పిల్లలకి అదో సరదా. ముఖ్యంగా దొడ్డికి వెళ్ళాలంటే "వెల్ క్యెడ్ ఎమ్ గోల్ దస్ ఎ తై వెగ్" అనాలి. చిన్న ఇంటికి వెళ్ళొచ్చా అని. ఆ వాక్యం మాత్రం అందరికీ వచ్చు, అవసరం అలాంటిది మరి.

రంగుల దగ్గర ఉండగానే తలుపు తెరుచుకుంది. ప్రధానోపాధ్యాయురాలు మిసెస్ క్లూకస్ తల లోపలికి పెట్టింది. పలచటి మనిషి, మెడలో ముత్యాలు, ఒంటినిండా గులాబీ అత్తరు.

"బ్రీషా, ఇవాళ పాఠం ఇక్కడితో ఆపేద్దాం. కంపెనీవాళ్ళు ముందుగానే వచ్చేశారు. పిల్లల్ని వేదిక మీదకి పంపించెయ్యండి."

"పదకొండింటికన్నారు కదా."

"అన్నారు. వచ్చేశారు. పన్నెండు కంప్యూటర్లు ఇస్తున్నారు, ఆలస్యం ఎందుకని మనం అడుగుతామా?"

డగ్లస్ పట్నంలో అద్దాల మేడ కట్టుకుని, ఎక్కడెక్కడి వాళ్ళ డబ్బో దాచిపెట్టే కంపెనీ అది. కంప్యూటర్లు ఇస్తున్నందుకు పిల్లలు తలా ఒక మాంక్స్ వాక్యం చెప్పాలి. తలకి, ఈ ద్వీపానికే పేరు తెచ్చిన తోకలేని పిల్లి బొమ్మ ఉన్న అట్టముక్క కట్టుకోవాలి. ఆ వాక్యాలు బ్రీష రాసినవే. "సముద్రం నీలం", "పిల్లి నల్లన", "మీరు రావడం మంచిది". రాస్తున్నప్పుడే రోత పుట్టింది. అయినా రాసింది.

హాలంతా కుర్చీలు. తల్లిదండ్రులు, కంపెనీ మనుషులు, పత్రిక ఫోటోగ్రాఫరు. కంపెనీ పెద్ద ముందు వరసలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అతని టై నిండా ద్వీపపు జెండా మీది మూడు కాళ్ళ గుర్తు, చిన్న చిన్నవి, వందలకొద్దీ, పురుగులు పాకినట్టు. బ్రీషకి వెనక గోడ దగ్గర, పాటల యంత్రం పక్కన చోటు చూపించారు. మీట నొక్కడం ఆమె పని.

పాట అయింది. పిల్లలు ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి చెప్పి వెళ్తున్నారు. సముద్రం నీలం. చప్పట్లు. పిల్లి నల్లన. చప్పట్లు. బ్రీష తల దించుకుని తన బూట్లకేసి చూసుకుంటోంది. అందుకే ముందు గమనించలేదు. కిర్రీ వరసలో చివరన నిలబడి ఒక కాలి మీద ఇంకో కాలు వేసి మెలి తిరుగుతోంది. వేదిక పక్కనే ఉన్న మిసెస్ క్లూకస్ చెయ్యి పట్టుకుని ఏదో అంది.

మిసెస్ క్లూకస్ మొహం వెలిగిపోయింది.

"విన్నారా!" అంది హాలుకేసి తిరిగి. "ఎవరూ చెప్పమనకుండానే ఎంత చక్కగా మాట్లాడేసిందో! రా అమ్మా, మైకు దగ్గరికి రా. ఇప్పుడేమన్నావో అందరికీ వినపడేలా చెప్పు."

కిర్రీ మైకు దగ్గరికి వచ్చింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"వెల్ క్యెడ్ ఎమ్ గోల్ దస్ ఎ తై వెగ్?"

హాలంతా చప్పట్లు. కంపెనీ పెద్ద ముందుకి వంగి, "అద్భుతం! ఏమిటి దానర్థం?" అన్నాడు.

"స్వాగతం లాంటిదండీ," అంది మిసెస్ క్లూకస్. "ఇంటికి రమ్మనో ఏదో. తై అంటే ఇల్లు. ఇంకోసారి చెప్పు కిర్రీ, ఫోటో తీస్తారు."

బ్రీష అప్పటికే లేచింది. కుర్చీల మధ్య సందు లేదు. మోకాళ్ళు తగులుతున్నాయి, గొడుగులు తగులుతున్నాయి, ఎవరో "కూర్చోండమ్మా, కనపడట్లేదు" అన్నారు. కిర్రీ రెండోసారి చెప్పింది. ఈసారి గొంతు వణికింది. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. కెమెరా దీపం తళుక్కుమంది. ఆ వెలుగులోనే కనపడింది, పిల్ల తెల్లటి మేజోళ్ళ మీద ముదురు చార ఒకటి కిందికి జారడం. బూటు చుట్టూ చిన్న మడుగు కట్టింది.

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరసలో ఆగి, వెనక వరసల్లో కాసేపు సాగాయి. ఆ కాసేపటి చప్పుడు బ్రీషకి జీవితంలో విన్న అన్ని చప్పుళ్ళ కంటే నీచంగా తోచింది.

ఆమె వేదికెక్కి, తన ఉన్ని కోటు విప్పి పిల్ల నడుముకి చుట్టింది. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది.

"దొడ్డికి వెళ్ళొచ్చా అని అడిగింది," అంది కంపెనీ పెద్దకేసి చూసి. "మూడుసార్లు అడిగింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. కిర్రీని ఎత్తుకుని బ్రీష బయటికి నడిచింది. పిల్ల బరువుగా, తడిగా, వెచ్చగా ఉంది.

పిల్లల మరుగుదొడ్డిలో నేల మీద ఎవరో తొక్కిన కాగితాలు, కుండీలో ఎవరో వదిలేసిన అరటి తొక్క. బ్రీష మోకాళ్ళ మీద కూర్చుని మేజోళ్ళు విప్పి, చల్లటి నీళ్ళతో పిల్ల కాళ్ళు కడిగింది. కిర్రీ ఏడవలేదు. గోడకేసి చూస్తోంది.

"ఇంగ్లీషులో అడక్కపోయావా బంగారూ? ఆవిడకి మాంక్స్ రాదని నీకు తెలుసుగా."

"మాంక్స్ చెప్పే రోజు కదా మిస్." పిల్ల గొంతు తగ్గించింది. "ఇంగ్లీషులో అడిగితే పెద్దవాళ్ళకి వినపడదు కదా."

బ్రీష చేతిలోని తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఇందాకటి నుంచి గులాబీ అత్తరు మీద, టై మీద, ఆ జనం మీద ఉన్న ఏవగింపంతా చుట్టూ తిరిగి ఇంటికొచ్చిన కుక్కలా ఆమె కాళ్ళ దగ్గరే పడుకుంది.

పిల్ల తల్లి వచ్చి తీసుకెళ్ళాక మిసెస్ క్లూకస్ నడవలో ఎదురొచ్చింది. ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుంది.

"మైకులో చెప్పాలా బ్రీషా? నా చెవిలో చెప్తే సరిపోయేది."

"మీ చెవిలో పిల్ల చెప్పింది."

"సర్లెండి. అయిందేదో అయింది. ఫోటో మాత్రం బాగా వచ్చిందట, నడుము దాకా. పత్రికవాళ్ళు కింద ఏదో మాట కావాలంటున్నారు. మాంక్స్‌లో 'మా ద్వీపానికి స్వాగతం' అని చెప్తే పిల్ల అన్నమాటగా వేస్తారు."

బ్రీష పైకి మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకుంది.

"పిల్ల ఏమందో అదే వెయ్యండి."

"మీకు హాస్యంగా ఉందా?"

"లేదండీ," అంది బ్రీష. "వాంతి వచ్చేలా ఉంది." కోటు లేకుండానే వానలోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దారిలో ఓ దుకాణం దగ్గర ఆగి, చీజూ గ్రేవీ పోసిన బంగాళాదుంప వేపుడు డబ్బా కొనుక్కుంది. కారులో కూర్చుని మూత తీసేసరికి గ్రేవీ మీద మీగడలా పొర కట్టింది. దాన్ని ఫోర్కుతో ఒకసారి కదిపి, కిటికీ దించి మొత్తం గట్టు మీద పారేసింది. సముద్రపు కాకులు క్షణంలో వాలి ఒకదాని ముక్కులోంచి ఒకటి లాక్కున్నాయి.

కొండ మీది బడిలో మధ్యాహ్నం పాఠం. మోరా మై కాదు, ఫాస్తర్ మై. రంగులు. వాన. గాలి. మధ్యలో ఓ కుర్రాడు చెయ్యెత్తి, కావాలనే ఇంగ్లీషులో, "మిస్, బయటికి వెళ్ళొచ్చా?" అన్నాడు. తరగతంతా మిస్ చెవి వెనక చెయ్యి పెడుతుందని నవ్వడానికి సిద్ధంగా ఉంది.

"వెళ్ళు," అంది బ్రీష.

పిల్లలు నిరాశపడ్డారు. కుర్రాడు లేచి, తను ఓడిపోయినట్టు మొహం పెట్టుకుని వెళ్ళాడు.

చీకటి పడేవేళకి ఆమె పీల్‌లో వృద్ధుల శరణాలయం ముందు కారు ఆపింది. పొగపెట్టిన హెర్రింగు చేపల వాసన రేవు నుంచి ఇక్కడిదాకా వస్తుంది. లోపల ఆ వాసనని మందుల వాసన, తడిసిన పక్కల వాసన మింగేస్తాయి. తల్లి నెల్ కార్కిల్ కిటికీ పక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. తొంభై ఏళ్ళ మనిషి ఎండిన చేపంత అయింది. ముక్కు మాత్రం అలాగే పైకి ముడుచుకుని ఉంది.

"వచ్చావా పంతులమ్మా," అంది. "ఎవరి చెవిలో ఊదావు ఇవాళ?"

"మొదలుపెట్టకమ్మా."

"నే మొదలుపెట్టేదేంటే. చచ్చిన భాషని పాతిపెట్టాలి గానీ పౌడరు పూసి కూర్చోబెడతారా? కోటేదీ? ఇంత వానలో కోటు లేకుండా వచ్చావేం?"

నెల్‌ని పెంచింది ఆమె అవ్వ, డాల్బీ కొండల మీది గొర్రెల ఇంట్లో. ఆ అవ్వకి మాంక్స్ తప్ప మరొకటి రాదని ఊరంతా చెప్పుకునేది. ఆ భాష నెల్‌కి వచ్చినట్టా రానట్టా అన్నది బ్రీషకి ఎప్పుడూ తెలియలేదు. అడిగితే, "పేడ వాసన కొట్టే మాటలు నాకేం తెలుసు" అని తుపుక్కున ఉమ్మేది. బ్రీష గురువారాలు సారా దుకాణం నుంచి ఇంటికొస్తే, ముసలాళ్ళ చుట్టల కంపుకంటే ఆ మాటల కంపే ఎక్కువుందని తలుపు తీసి ఉంచేది. అలా ఒకే కప్పు కింద ముప్పై ఏళ్ళు గడిచాయి.

బ్రీష కుర్చీ లాక్కుని కూర్చుంది. చెప్పాలనుకోలేదు. కోటు సంగతి అడిగేసరికి అంతా చెప్పేసింది, చప్పట్లూ, టై, మడుగూ, నడుము దాకా బాగా వచ్చిన ఫోటో. నియమం సంగతి కూడా చెప్పింది. నెల్ వింటూ వింటూ కట్టుడు పళ్ళు తీసి పక్కన నీళ్ళ గ్లాసులో పడేసింది. సాయంత్రమైతే అవి చిగుళ్ళని కోస్తాయి.

"ఆ తడిబట్టల్తోనే కూర్చోబెట్టారా దాన్ని?"

"లేదు. నా కోటు చుట్టి తీసుకుపోయాను. కడిగాను. వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళింది."

నెల్ కిటికీకేసి తిరిగింది. అద్దం మీద వాన నీళ్ళు జారుతున్నాయి.

"నేను నాలుగు గంటలదాకా కూర్చున్నా."

"ఎందులో?"

"ఎందులో ఏంటే. ఉచ్చలో." పళ్ళు లేని నోటితో మాటలు మెత్తగా వస్తున్నాయి. "బడికెళ్ళిన మొదటి రోజు. అవ్వ నాకు ఇంగ్లీషు నేర్పలేదు, దానికొస్తేగా. నాకొచ్చిన మాటల్లోనే అడిగా. ఆ మిస్ అర్థం కాలేదంది. ఎందుకర్థం కాదు? దాని తల్లీ మా పక్క పొలంలో అదే వాగేది. అర్థం కాలేదంది, అంతే. తరవాత నన్ను తడి నెల్ అన్నారు. తడి నెల్ వస్తోంది ముక్కు మూసుకోండి అని. పెళ్ళయ్యేదాకా అదే పేరు. మీ నాన్నది వేరే ఊరు. అందుకే చేసుకున్నా."

బ్రీష కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుంది. "ఒక్కసారైనా చెప్పలేదేం" అనబోయి మానుకుంది. ఎవరు చెప్పుకుంటారు?

"ఇంతకీ ఆ పిల్ల ఏమని అడిగిందే?"

బ్రీష చెప్పింది, పాఠంలో చెప్పినట్టు స్పష్టంగా, మాట మాటా విడదీసి. అది విన్నాక నెల్‌కి ముందు భుజాలు కదిలాయి, తరవాత దగ్గొచ్చింది. నవ్వుతోందని తెలియడానికి బ్రీషకి కాస్త సమయం పట్టింది.

"చిన్న ఇల్లట! మాకు పెద్ద ఇల్లే లేదు, చిన్న ఇల్లెక్కడిదే? గోడ వెనక్కి పోయేవాళ్ళం." ఊపిరి పీల్చుకుని, కళ్ళు మూసుకుని అంది. "వెల్ క్యెడ్ ఎమ్ గోల్ మాఖ్. బయటికి వెళ్ళొచ్చా. అంతే అనేవాళ్ళం."

చివరి మాట గొంతు అడుగు నుంచి, తడి మట్టిలోంచి కాలు లాగినట్టు వచ్చింది. సారా దుకాణంలో ముసలివాళ్ళెవరూ అలా పలకలేదు. వాళ్ళది నేర్చుకున్న భాష. ఇది నేర్చుకున్నది కాదు.

"ఇంకోసారి అనమ్మా."

నెల్ ఒక కన్ను తెరిచింది. "ఎందుకే? చప్పట్లు కొడతావా?"

బ్రీష మొహం వేడెక్కింది. నెల్ దుప్పటి మీంచి చెయ్యి జాపి, కూతురి వేళ్ళని ముట్టుకుని వెంటనే వెనక్కి తీసుకుంది.

"కోటు చుట్టావు. మంచి పని చేశావు," అంది. "పోయి టీ పట్రా. ఆ ఆయా జూన్ తెచ్చేది గిన్నెలు కడిగిన నీళ్ళు. నువ్వు పెట్టు, చిక్కగా."

నడవ చివర చిన్న వంటగది. నీళ్ళు కాగేదాకా బ్రీష గట్టుకి ఆనుకుని నిలబడింది. కుళాయి కింద ఎవరో తాగిన కప్పులు, వాటిలో నానిన బిస్కెట్ ముద్దలు. ఎందుకో ఈసారి మొహం తిప్పుకోలేదు. రెండు కప్పులు కడిగి, టీ చిక్కగా కలిపి, తల్లికి మూడు చెంచాల చక్కెర వేసింది. దారిలో ఒలికిపోకుండా మెల్లగా నడిచింది.

నెల్ తల కిటికీ వైపు ఉంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. బ్రీష కప్పులు పెట్టి, "అమ్మా, టీ," అంది. తరవాత ఇంకోసారి అంది. నుదుటి మీద చెయ్యి వేసింది. వెచ్చగానే ఉంది. దుప్పటి మాత్రం కదలడం లేదు. తొంభై ఏళ్ళుగా ముడుచుకున్న ముక్కు కిందికి దిగింది. ఆ ముక్కు మామూలుగా ఉంటే ఇంత చిన్నదని బ్రీషకి అప్పుడే తెలిసింది.

ఆమె కూర్చుంది. గంట నొక్కాలని తెలుసు. టీలోంచి ఆవిరి ఆగేదాకా నొక్కలేదు.

సేవకురాలు జూన్ వచ్చి నాడి చూసింది, కిటికీ కొద్దిగా తెరిచింది, దుప్పటి సర్దింది. లావుపాటి మంచి మనిషి. బ్రీష భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది.

"పళ్ళు పెట్టమంటారా అమ్మా? ఇప్పుడైతేనే కుదురుతుంది. తరవాత దవడ బిగుసుకుపోతుంది. చూడటానికొచ్చేవాళ్ళకి నోరు గుంటలా కనపడుతుంది."

బ్రీష తల్లి నోటికేసి చూసింది. పెదవులు లోపలికి ముడుచుకుని, ఏదో మాట మధ్యలో ఆగినట్టు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి.

"వద్దు," అంది. "అలాగే ఉండనివ్వండి."

జూన్ డాక్టరుకి చెప్పడానికి వెళ్ళింది. రేవు నుంచి చేపల పొగ లోపలికి వచ్చింది. మంచం పక్కన గ్లాసులో పళ్ళ వరస రెండుగా విడిపోయి అడుగున కూర్చుంది. చిగుళ్ళ గులాబీ రంగు నీళ్ళలో కాస్త పెద్దదిగా కనపడుతోంది. ఒక దంతం సందులో మధ్యాహ్నం తిన్న రొట్టెలోని నల్ల ద్రాక్ష తొక్క చిన్నది ఇరుక్కుని, నీళ్ళు కదిలినప్పుడల్లా కదులుతోంది.